మా సత్యనారాయణపురం ఆడవాళ్ళ యోగా క్లాస్: మూడు నెలలు వెళ్ళాక రాస్తున్నది

విజయవాడ సత్యనారాయణపురంలో 12 ఏళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వయసు 48. పొద్దున ఎనిమిదికి మూడు పొయ్యిలు వెలిగిస్తే పన్నెండింటికి గానీ ఆర్పను. సాయంత్రం ఐదింటికి మళ్ళీ మొదలు. కాబట్టి పొయ్యి సెగ నాకు కొత్త కాదు. కానీ పోయిన ఏప్రిల్‌లో ఒకరోజు గుత్తొంకాయ మగ్గుతుండగా ఛాతీ దగ్గర ఏదో రాజుకున్నట్టయి, మెడ మీదుగా చెవుల దాకా పాకింది. ముఖం కందిపోయింది. జాకెట్టు తడిసి ముద్దయింది. రెండు మూడు నిమిషాల్లో అంతా తగ్గిపోయి ఒళ్ళు చల్లబడి వణుకొచ్చింది. పొయ్యి సెగ బయటి నుంచి తగులుతుంది. ఇది లోపల పుట్టింది. ఆ తేడా ఒంటికి ఆ రోజే తెలిసింది.

మే వచ్చేసరికి రోజుకి పదిసార్లు. బెజవాడ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి నాలుగుసార్లు లేచి, తడిసిన నైటీ మార్చుకుని, ఫ్యాన్ కింద కూర్చునేదాన్ని. పొద్దున్నే లేచి కూరగాయలకి వెళ్ళాలి. ఒకరోజు సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి మీద కస్టమర్ల ముందే అరిచేశాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఆలోచిస్తే రెండోసారి ఉప్పు వేసింది నేనే. మర్నాడు ఆ పిల్లకి క్షమించమని చెప్పాను గానీ, నాకేమైపోతోందో అన్న భయం మాత్రం పట్టుకుంది.

క్లాస్ గురించి చెప్పేముందు డాక్టర్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ వరస ముఖ్యం. నాకు నెలసరి అప్పటికే తప్పుతూ వస్తోంది. ఒకసారి 40 రోజులకి, ఒకసారి రెండు నెలలకి, వస్తే వారం పాటు విపరీతంగా. మొదట వెళ్ళినచోట స్కాన్ చూసి, పెద్దగా ఏమీ చెప్పకుండానే, "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదమ్మా, గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నారు. మా పెద్దక్కకి 34వ ఏట అలాగే తీసేశారు. ఆ తర్వాత ఆవిడ పడిన నడుం నొప్పులు, ఒంటి మంటలు నేను కళ్ళారా చూశాను. అందుకని ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసింది. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్రలిచ్చి, "తీసెయ్యాల్సిన జబ్బు నీకేమీ లేదు, నీకు వస్తున్నది మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ" అంది. గర్భసంచి తీయించుకోవడంలో మన రాష్ట్రం దేశం మొత్తానికి పైన ఉందని కూడా ఆవిడే చెప్పింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆ లెక్కలో మా అక్క వయసువాళ్ళు ఎంతమందో అనుకుంటే కడుపు తరుక్కుపోయింది.

ఒంటి మంటలకి హార్మోన్ మాత్రలు ఉన్నాయని, అవి ఎవరికి సరిపడతాయో ఎవరికి వద్దో చూసి ఇస్తామని డాక్టరమ్మ చెప్పింది. తట్టుకోలేకపోతే మొహమాటపడకుండా రమ్మంది. ముందు కొన్నాళ్ళు తిండి, వ్యాయామం, నిద్ర సరిచేసుకుని చూస్తానన్నాను. సరేనంది. అలా జూన్ రెండో వారంలో ఈ క్లాస్‌లో చేరాను. 40 దాటిన ఆడవాళ్ళకి మాత్రమే. బీఆర్‌టీఎస్ రోడ్డుకి దగ్గరలో ఒక మేడ మీద రెండో అంతస్తు హాల్లో, సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున 5:45 నుంచి 6:45. నెలకి 1,200, మూడు నెలలకి ఒకేసారి కడితే 3,000. పేరు రాయడం లేదు. ఇందులో తప్పులు కూడా రాయబోతున్నాను, ఆ టీచరమ్మ పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు.

టీచరమ్మకి 55 ఉంటాయి. మొదటిరోజు ఆసనాలేమీ వేయించలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి బీపీ ఉందా, షుగర్ ఉందా, మోకాళ్ళ నొప్పులా, ఆపరేషన్లు అయ్యాయా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు అని అడిగి పుస్తకంలో రాసుకుంది. ఆఖరి నెలసరి ఎప్పుడని కూడా అడిగింది. పక్కనే నలుగురు ఉన్నారు. నాకు సిగ్గేసి గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ మామూలు గొంతుతోనే, "అయితే మీకింకా ఆగలేదమ్మా, ఆగబోయే ముందు దశ ఇది. వరసగా 12 నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. ఏడాది నిండాక మళ్ళీ ఒక్క చుక్క కనపడినా నా దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి" అంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఆగుతుందనీ, నాది తొందరా కాదు ఆలస్యమూ కాదనీ చెప్పింది. ఈ మాట మా ఇంట్లోగానీ వాడలోగానీ నాకు ఎవ్వరూ చెప్పలేదు.

ఒంటి మంట ఎందుకొస్తుందో కూడా ఆవిడ చెబితేనే అర్థమైంది. మెదడులో ఒంటి వేడిని సరిచూసే చోటు ఒకటుందట. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి అది మరీ సున్నితంగా తయారై, ఒంటి వేడి కాస్త పెరిగినా ఒళ్ళు కాలిపోతోందనుకుని రక్తాన్ని చర్మం దగ్గరికి తోసి చెమట పట్టిస్తుంది. నా కొట్లో ఫ్రిజ్‌కి ఒకసారి థర్మోస్టాట్ చెడి, ఆగకుండా ఆడి పెరుగు గడ్డకట్టించేసింది. ఆ పోలిక నాకు బాగా పట్టింది. జబ్బు కాదు, ఒళ్ళు కొత్త లెక్కకి అలవాటు పడుతోంది.

క్లాస్ ఎలా నడుస్తుందంటే, మొదటి పది నిమిషాలు కీళ్ళు వదులు చేయించడం. తర్వాత 20 నిమిషాలు నిలబడి చేసేవి: తాడాసనం, వృక్షాసనం, కుర్చీలో కూర్చున్నట్టు వేసే ఉత్కటాసనం. మంగళ, గురు, శనివారాల్లో చెరో చేత్తో లీటరు నీళ్ళ సీసా పట్టుకుని మెట్టు ఎక్కిదిగడం. ఇది యోగా కాదు కదండీ అని ఒకావిడ అడిగితే, "ఎముకకి బరువు తెలియాలమ్మా" అంది టీచరమ్మ. నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్ళలో ఎముక సాంద్రత త్వరగా పడిపోతుందట. మా అమ్మ 67వ ఏట బాత్రూంలో జారితే తుంటి విరిగింది. ఆ తర్వాత ఆవిడ సరిగ్గా నడవలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి మెట్ల రోజు నేను ఒక్కటీ మానలేదు. వర్షం పడిన రోజు కూడా వెళ్ళాను.

ఆ తర్వాత వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపే సేతుబంధాసనం, గోడకి కాళ్ళు ఆనించి పడుకోవడం, నాలుక గొట్టంలా చుట్టి గాలి పీల్చే శీతలి, చివర పది నిమిషాలు శవాసనం. బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళ చేత కాళ్ళు పైకెత్తేవి చేయించదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కుర్చీలు వేస్తుంది. ఎవరి చేతా బలవంతంగా ఏదీ చేయించదు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి. ఎండుమిరపకాయల పోపు వేసినప్పుడు ఘాటుకి దగ్గొస్తుంది. దగ్గితే నాకు మూత్రం చుక్కలు చుక్కలుగా పడేది. రెండేళ్ళుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, ప్యాడ్ పెట్టుకుని వంట చేశాను. క్లాస్‌లో మూడోవారం టీచరమ్మ అందరినీ ఉద్దేశించి ఈ మాట ఎత్తితే, మేం 14 మందిమి ఉన్నాం, తొమ్మిదిమంది చేతులెత్తారు. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగిస్తామో వాటినే ఐదు సెకన్లు బిగించి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రానికి కూర్చున్నప్పుడు చెయ్యకూడదు. నేను పులుసు మరుగుతున్నంతసేపు నిలబడే చేస్తాను, ఎవరికీ తెలియదు. రెండు నెలలకి బాగా తగ్గింది. ప్యాడ్ మానేశాను. నేను కట్టిన 3,000 ఈ ఒక్కదానికే చెల్లు.

ఇప్పుడు అసలు లెక్క. మొదటివారం నుంచీ చిన్న పుస్తకంలో ఒంటి మంట వచ్చినప్పుడల్లా గీత గీయమంది టీచరమ్మ. మొదటివారం రోజుకి తొమ్మిది నుంచి పదకొండు. 12వ వారం ఏడు, ఎనిమిది. తగ్గిందా అంటే తగ్గింది, కానీ ఈలోపు ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. అది యోగా వల్లే అని ప్రమాణం చేసి చెప్పలేను. డాక్టరమ్మ కూడా యోగా ఒంటి మంటల్ని ఆపుతుందనడానికి గట్టి రుజువు లేదనీ, నిద్రకీ మనసుకీ మాత్రం చేసుకోవచ్చనీ చెప్పింది. నా పుస్తకం కూడా అదే చెబుతోంది. రాత్రి నాలుగుసార్లు లేచేదాన్ని ఇప్పుడు ఒకసారి, ఎప్పుడైనా రెండుసార్లు. లేచినా మళ్ళీ పడుకోగలుగుతున్నాను.

మంట వచ్చినప్పుడు ఏమనుకోవాలో కూడా టీచరమ్మ నేర్పింది. ఇంతకుముందు అది రాగానే "అందరూ నన్నే చూస్తున్నారు, ముఖం చూసి ఏమనుకుంటున్నారో" అని టెన్షన్ పడేదాన్ని. దానికి గుండె దడ తోడయ్యేది. ఇప్పుడు గరిటె పక్కన పెట్టి, సింకు పంపు కింద మణికట్లు పెట్టి, "మూడు నిమిషాలు, పోతుంది" అని లోపల అనుకుంటూ మెల్లగా ఊపిరి వదులుతాను. మూడు నిమిషాలకి పోతుంది కూడా. డాక్టరమ్మకి ఈ సంగతి చెబితే, మందులు లేకుండా చేసేవాటిలో మంచి రుజువు ఉన్నది ఆలోచన తీరుని మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకేననీ, ఇది దానికి దగ్గరగానే ఉందనీ అంది. "పాజిటివ్‌గా ఉండు" అని మావారు, మా ఆడపడుచు చాలాసార్లు అన్నారు. ఆ మాట వింటే నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. మణికట్ల మీద చన్నీళ్ళు పోసుకుని మూడు నిమిషాలు లెక్కపెట్టడం అంటే, అది చెయ్యగలను.

శనివారం శవాసనం అయ్యాక అరగంట తిండి మాటలు. నెలసరి ఆగినవాళ్ళకి రోజుకి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, నువ్వుల్లో వెయ్యికి పైనే. కాకపోతే వంద గ్రాముల నువ్వులు ఎవరూ తినరు కాబట్టి, పెరుగు, పాలు, తోటకూర, మునగాకు అన్నీ కలిపి చూసుకోవాలి. నేను వంటల మనిషిని, ఈ అరగంట నాకు పండగ. రోజుకి ఐదు కాఫీలు తాగేదాన్ని రెండుకి తగ్గించాను. రాత్రి ఆవకాయ అన్నం తిన్నరోజు మంట ఎక్కువొస్తోందని నా పుస్తకంలో గీతలు చూసి తెలుసుకున్నాను. మరొకరికి అలా కాకపోవచ్చు. సిల్కు జాకెట్లు, పాలిస్టర్ చీరలు మానేసి మంగళగిరి నూలు చీరలకి మారాను. పొయ్యి దగ్గర ఆ తేడా పెద్దదే.

ఒక శనివారం నువ్వుల గురించి మాట్లాడుకుంటుంటే నాకు చిమ్మిలి గుర్తొచ్చింది. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ చాప మీద కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచి చిమ్మిలి ముద్దలు పెట్టింది. పేరంటాళ్ళని పిలిచారు, హారతి ఇచ్చారు, కొత్త ఓణీ కట్టారు. వీధి వీధంతా తెలిసింది. అదే మాట పైకి అన్నాను. మొదలైనప్పుడు ఇంతమందిని పిలిచి చిమ్మిలి పెట్టారు, ఇప్పుడు ఆగిపోతుంటే మన ఇంట్లోవాళ్ళకే చెప్పుకోలేకపోతున్నాం అని. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు 7:15కి ముగియాల్సిన క్లాస్ ఎనిమిది దాకా నడిచింది. నా కొట్లో పొయ్యిలు ఆలస్యంగా వెలిగాయి, మొదటి కస్టమర్‌కి పప్పు లేదు.

ఆ తర్వాత పదిరోజులకి మాలో ఒకావిడకి, స్కూలు టీచరు, నెలసరి ఆగి సరిగ్గా ఏడాది నిండింది. నేను ఇంట్లో నల్లనువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి చిమ్మిలి చేసి తీసుకెళ్ళాను. ఆవిడకి బొట్టుపెట్టి చేతిలో పెట్టాం. ఆవిడ ఏడ్చింది. "దసరాల్లో కొండ మీద అమ్మవారి దర్శనానికని ఎన్ని ఏళ్ళు మాత్రలు వేసుకుని నెలసరి వాయిదా వేశానో, ఈసారి ఏ లెక్కలూ లేకుండా వెళ్తాను" అంది. నేను కూడా ఎన్నోసార్లు ఆ మాత్రలు మింగాను. రాబోయేదాంట్లో ఎదురుచూడాల్సినది కూడా ఒకటుందని నాకు అప్పుడే మొదటిసారి అనిపించింది. ఇప్పుడు మా బ్యాచ్‌లో ఎవరికి ఏడాది నిండినా చిమ్మిలి నాదే.

ఇక తప్పులు. కింద గేటు దగ్గర బోర్డు మీద "ఒంటి ఆవిర్లు 21 రోజుల్లో మాయం" అని రాసి ఉంది. అది నిజం కాదు, పైన నా లెక్క చూడండి. హాలు యజమాని మెట్ల దగ్గర ఒక పొడి డబ్బా అమ్ముతున్నాడు. 200 గ్రాములు 750 రూపాయలు. శతావరి, అశ్వగంధ, సోయా అని పేర్లున్నాయి గానీ ఏది ఎంతుందో లేదు. అడిగితే "అన్నీ ప్రకృతివేనమ్మా" అన్నాడు. మా బ్యాచ్‌లో థైరాయిడ్ మాత్రలు వేసుకునే ఆవిడ రెండు డబ్బాలు కొంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచవచ్చు, ఆ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా తినకూడదు. ఈ సంగతి మా డాక్టరమ్మని అడిగి తెలుసుకుని నేనే ఆవిడకి చెప్పాను. టీచరమ్మని అడిగితే ఆ పొడికీ తనకీ సంబంధం లేదంది, క్లాస్‌లో కొనొద్దని చెప్పింది కూడా. కానీ బోర్డు ఇంకా అలాగే ఉంది. హాలు అద్దెకి ఇచ్చిన మనిషితో గొడవ పెట్టుకోలేకపోతోందని అర్థమవుతుంది. అయినా ఆ బోర్డు చూసి ఆశపడి వచ్చినవాళ్ళు నెల తిరక్కుండా మానేస్తున్నారు. మేలు జరిగేవి కూడా పోగొట్టుకుంటున్నారు. ఆ ఒక్క లైను చెరిపించండి టీచరమ్మా, మీ క్లాస్‌కి అబద్ధం అక్కర్లేదు.

టీచరమ్మ ఊరెళ్ళినప్పుడు వచ్చే కుర్ర ట్రైనర్ మంచి అమ్మాయే, కాకపోతే తొందర ఎక్కువ. సూర్యనమస్కారాలు పన్నెండు గబగబా చేయించేసరికి ఇద్దరికి కళ్ళు తిరిగాయి. ఒకటే బాత్రూం. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి రెండంతస్తులు కష్టం. మంగళవారం మధ్యాహ్నం బ్యాచ్ కూడా ఉంది గానీ, పైన స్లాబు కాలిపోతుంటుంది, ఒంటి మంటలున్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

మొదట డబ్బు తగలేసిన చల్లటి జెల్ దిండు 1,800. ముప్పావుగంటకి అది కూడా వేడెక్కిపోయేది. దానితో పోలిస్తే ఈ క్లాస్ ఖర్చు నాకు ఖర్చులా అనిపించలేదు. అయితే రక్తం బాగా పోతున్నవాళ్ళు, దిగులు పట్టుకుని బతుకు మీద విరక్తి వస్తున్నవాళ్ళు ముందు డాక్టర్‌ని కలిసి ఆ తర్వాత ఇక్కడికి రండి. మా బ్యాచ్‌లోనే ఇద్దరు హార్మోన్ మందులు వాడుతూ క్లాస్‌కి వస్తున్నారు. వాళ్ళు తక్కువా కాదు, మేం ఎక్కువా కాదు. నాకూ రేపు తట్టుకోలేనంతైతే నేనూ వెళ్తాను.

రెండో మూడు నెలలకి నిన్ననే కట్టాను. మా అక్కని కూడా చేర్పించాను, ఆవిడకి ఇప్పుడు 53. మొదటిరోజు సేతుబంధం దగ్గర నడుం లేవలేదు, నాలుగోరోజు లేచింది. కొట్లో పనిచేసే అమ్మాయి వాళ్ళ అమ్మ కూడా వచ్చే నెల నుంచి వస్తానంది, ఆవిడ ఫీజు నేను కడుతున్నాను.

వచ్చేవాళ్ళు చాప, తువ్వాలు, నీళ్ళసీసాలు రెండు మీరే తెచ్చుకోవాలి. స్కూటీ కింద సందులో పెట్టకండి, పాలవాడి బండి తిరగదు. హాల్లో తూర్పు వైపు పెద్ద కిటికీ ఒకటుంది, గాలి బాగా వస్తుంది. ముందొచ్చినవాళ్ళు అక్కడ చాప పరుస్తారు గానీ, ఆ రోజు ఎవరికి ఒళ్ళు మండుతుంటే వాళ్ళకి ఆ చోటు వదిలేస్తారు. అడగాల్సిన పని ఉండదు, ముఖం చూస్తే మాకు తెలిసిపోతుంది.